గావ్రిల్ పట్టుకెళ్లిన పట్టా

మంగళవారం పొద్దున్నే జాబితా బయటికొచ్చింది. ఉచిత సీట్లు ఎనిమిదే. దరఖాస్తు పెట్టినవాళ్లు నూటపదముగ్గురు. ఒతిలియ పేరు నాలుగోది. ఫోనులో ఆ పేరు మూడుసార్లు చూసుకుని ఆమె పెరట్లోకి పరుగెత్తింది. కోళ్లకి మొక్కజొన్న నూక చల్లుతున్న వాళ్లమ్మ జంఫీరని వెనకనుంచి వాటేసుకుంది. చేతిలో ఉన్న నూకంతా ఒక్కచోటే కుప్పగా పడింది. కోళ్లకి ఆ పూట పండగే.

"వచ్చిందమ్మా! సీటు వచ్చింది!"

జంఫీర తలకి కట్టుకున్న నల్లగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంది. మొగుడు గావ్రిల్ పోయి ఇంకా యాభై రోజులు కాలేదు. "మీ నాన్న ఉంటేనా, ఈపాటికి చర్చి గంట కొట్టించేసేవాడు," అంది. అని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

పక్కింటి సఫ్త కంచె మీద మోచేతులు ఆనించి అప్పటికే రెడీగా ఉంది. ఆవిడ లెక్కలో కంచె అన్నది ఇళ్లు వేరు చెయ్యడానికి కాదు, మోచేతులు ఆనించుకోడానికి. "ఏమిటే ఆ కేకలు? పెళ్లి గాని కుదిరిందా?"

"పెళ్లి కాదత్తా, యూనివర్సిటీలో సీటు."

"మళ్లీ చదువా! ముప్పయ్యారేళ్లొచ్చాయి, పిల్లలకి పాఠాలు చెప్పే టీచరువి, నువ్వే పుస్తకాల సంచీ తగిలించుకుని బస్సెక్కుతావా? రేపు మీ పిల్లి కూడా వెళ్తానంటుంది చూడు," అని దెప్పి, లోపలికెళ్లి రేగుపళ్ల సారా సీసా తెచ్చింది. సఫ్త నోరు ఎంత చేదో చెయ్యి అంత తీపి. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి.

ఆ చదువేమిటో కూడా చెప్పాలి. బళ్లో కొందరు పిల్లలుంటారు. బుర్రలు చురుకే, చేతులు చురుకే, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు వాళ్లముందు కుదురుగా నిలబడవు. అలాంటి పిల్లలకి చదవడం ఎలా నేర్పాలో నేర్పే రెండేళ్ల మాస్టర్స్ కోర్సు అది. యాష్ నగరంలో మూడేళ్లకోసారి పెడతారు. ఒతిలియ దాని కోసం రెండేళ్లుగా కాచుకుని ఉంది. ఎందుకంటే అలాంటి పిల్లవాడు ఒకడు ఆమె ఇంట్లోనే ఉండేవాడు. ఆయన వయసు అరవై ఏడు.

గావ్రిల్ ఊరి బళ్లో పొయ్యిలు రాజేసే పని చేశాడు, ముప్పయ్యొక్క ఏళ్లు. చలికాలం పిల్లలు రాకముందే పదకొండు గదుల్లో పదకొండు పొయ్యిలు అంటించేవాడు. బయట నిలబడి పొగ చూసి ఏ గదిలో కట్టె తడిగా ఉందో చెప్పేవాడు. బళ్లో అన్నేళ్లు పనిచేసి అక్షరం ముక్క రాకుండా బయటికొచ్చిన మనిషి తనొక్కడేనని తనే చెప్పుకుని నవ్వేవాడు. చిన్నప్పుడు మేష్టారు వేళ్ల మీద కొట్టి కొట్టి, చివరికి వెనక బల్ల మీద కూర్చోబెట్టి మర్చిపోయాడట. నాలుగో తరగతితో సరి.

రెండేళ్ల కిందటి చలికాలంలో ఒతిలియ ఆయన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "నేను నేర్పుతా నాన్నా, ఊరందరి పిల్లలకీ నేర్పుతున్నా, నీకు నేర్పలేనా?" అంది. ఆయన పెళ్లికొడుకులా దువ్వుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. ఎనిమిది రోజులు సాగింది. ఇవాళ పట్టుకున్న అక్షరం రేపటికి తిరగబడేది, మర్నాటికి బోర్లా పడేది. ఎనిమిదో రోజు ఒతిలియకి ఓపిక చచ్చింది.

"ఏడేళ్ల పిల్లలు వారంలో నేర్చుకుంటున్నారు నాన్నా! ఏముంది నీ బుర్రలో, బూడిదా?"

అనేసింది. నోరు జారితే తీసుకోలేమంటారు కదా, అదే. గావ్రిల్ పుస్తకం నెమ్మదిగా మూశాడు. "ముప్పయ్యేళ్లు పొయ్యిలు ఊదినవాడి బుర్రలో బూడిద కాక ఇంకేముంటుంది తల్లీ," అని నవ్వి, కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ బల్ల దగ్గర పాఠం జరగలేదు. దాని సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆ వేసవిలో టీచర్లకి ఒక పూట శిక్షణ పెట్టారు. అక్షరాలు తిరగబడి కనిపించడం బద్ధకమూ కాదు, మొద్దుతనమూ కాదు, అదొక ఇబ్బంది, దానికి వేరే దారిలో నేర్పాలి అని అక్కడ చెప్పారు. ఒతిలియ ఇంటికొచ్చే బస్సులో మొహం కిటికీకి తిప్పుకుని ఏడ్చింది. నాన్నకి చెప్పాలి, తప్పైపోయిందనాలి అనుకుంది. ఇవాళ అనుకుంది, రేపు అనుకుంది. అన్నేళ్ల బూడిద గావ్రిల్ బుర్రలో కాదు, ఊపిరితిత్తుల్లో చేరిందని ఈ ఏడాది ఏప్రిల్లో డాక్టర్లు చెప్పారు. మే నెలలో పోయాడు. ఆ మాట అలాగే ఉండిపోయింది.

దరఖాస్తుతో పాటు ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక పేజీ రాయమన్నారు. ఒతిలియ రాసింది: "మా నాన్న ఎనిమిది పాఠాలకే మానేశారు. తప్పు ఆయనది కాదు, నాది. నాకు నేర్పడం రాదు, అది నేర్చుకోడానికి వస్తున్నాను." ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ, ప్రొఫెసరు, కళ్లజోడు తీసి ఆ వాక్యాలు పైకి చదివింది. నాలుగో ర్యాంకు అక్కడే వచ్చింది.

సీటు రావడం ఒకటి, దక్కడం ఒకటి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల డిగ్రీ పట్టా ఒరిజినల్ తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. ఇస్తే సీటు ఖాయం, లేకపోతే మరుక్షణం తొమ్మిదో పేరు వాళ్లకి వెళ్లిపోతుంది. అదక్కడ అందరికీ తెలిసిన రూలే. ఒరిజినల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి ఏ ఒక్కరూ రెండు సీట్ల మీద కూర్చోలేరు. దరఖాస్తు పెట్టేటప్పుడు కంప్యూటర్లో ఉన్న పాత ఫొటోయే పంపింది, అందుకని ఒతిలియ అసలు కాగితం మొహం చూసి చాలాకాలమైంది.

బుధవారం అద్దాల బీరువా తీసింది. మంచి పళ్లేల వెనక, మేరీమాత పటం కింద, పట్టా ఎప్పుడూ ఉండేచోట లేదు. సొరుగులు లాగింది. పరుపులు ఎత్తింది. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నా పట్టా ఎక్కడ పెట్టావ్?"

"ఏ పట్టా?"

"మనింట్లో ఎన్ని పట్టాలున్నాయమ్మా? డిగ్రీది. నీలం అట్టలో ఉంటుంది."

జంఫీర మొక్కజొన్న సంకటి కలియబెడుతున్న కర్ర ఆపింది. ఆపితే గడ్డలు కడుతుందని ఆ ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"నువ్వే కదే పెట్టమన్నావ్."

"ఎక్కడ?"

"నాన్న దగ్గర."

అప్పుడు గుర్తొచ్చింది ఒతిలియకి. శవపేటిక మూసేముందు, ఇంటినిండా జనం, కొవ్వొత్తుల పొగ, తనేమో గోడకి ఆనుకుని ఉంది. అమ్మ పేటికలో దువ్వెన పెట్టింది, సబ్బు పెట్టింది, జేబురుమాల్లో ఇరవై నాలుగు నాణేలు మూటగట్టి పెట్టింది. పోయిన ప్రాణం పైకెళ్లే దారిలో ఇరవై నాలుగు సుంకపు చౌకీలు దాటాలి, ఒక్కోచోట ఒక్కో నాణెం. తర్వాత అమ్మ చెవి దగ్గరకొచ్చి, "నీ పట్టా కూడా పెట్టనా?" అని అడిగింది. "జిరాక్సు ఉంది కదమ్మా, అది పెట్టు," అంది తను. కిందటి శీతాకాలానికి ముందు, బళ్లో అడిగితే తీయించిన జిరాక్సు అది.

"జిరాక్సు పెట్టమన్నా కదమ్మా!"

"అదే తీశానే మొదట. దాని వెనకంతా పెన్సిలు గీతలు. మీ నాన్న కట్టెల మోపులు లెక్కేసుకున్నట్టున్నాడు, పైనుంచి కిందదాకా. నా శుక్లాల కళ్లకే అంత మురికిగా కనిపించిందంటే చూసుకో. అలాంటి కాగితం చేతిలో పెట్టి ఎలా పంపనే ఆ మనిషిని?" జంఫీర పొయ్యివైపే చూస్తూ చెప్పింది. "ఆసుపత్రిలో ఆయనకి అదొక్కటే బెంగ. పైన ఒక్కో చౌకీలో ఆపి, నీ పాపాలన్నీ ఇందులో రాసున్నాయి, చదవరా అంటారట. 'నాకు చదవడం రాదు కదా, అక్కడ కూడా నవ్వుతారేమో జంఫీరా' అన్నాడు. నేనన్నా, పిల్ల పట్టా పెడతాలే, అది చూపించు, మా అమ్మాయి చదువుకుంది, నా బదులు అది చదువుతుందని చెప్పు అన్నా. దాంతో మనిషి కుదుటపడ్డాడు. మరి అక్కడ జిరాక్సు చూపిస్తే ఊరుకుంటారా? మన తాసీల్దారు ఆఫీసులోనే ఊరుకోరు!"

ఒతిలియ నోరు తెరిచింది. గొంతుదాకా వచ్చిన అరుపుని మింగేసింది. ఈ బల్ల దగ్గరే ఒకసారి అరిచింది, ఆ అరుపు ఇప్పటికీ ఆమె వెంటే తిరుగుతోంది. శుక్రవారం గడువు సంగతి చెప్పి, బల్లమీద తల వాల్చింది. జంఫీర చేతిలోంచి కర్ర జారింది. ఆ పూట సంకటి గడ్డలు కట్టింది, ఎవరూ తినలేదు.

గురువారమంతా ఫోన్లే. పట్టా ఇచ్చిన యూనివర్సిటీవాళ్లు డూప్లికేటుకి మూడు నెలలు పడుతుందన్నారు. పోయిందని గెజిట్లో ప్రకటించాలట. "పోలేదండీ, ఎక్కడుందో తెలుసు," అంది ఒతిలియ. "అయితే ఇంకేం, తీసుకోండి," అని పెట్టేశారు. ఫాదర్ విసారియోన్ దగ్గరికి వెళ్లింది. ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"ఏడేళ్లు నిండాక మామూలే కదమ్మా. ఎముకలు పైకి తీసి ద్రాక్షసారాతో కడిగి మళ్లీ పూడుస్తాం, అప్పుడైతే నేనే తీసిచ్చేవాణ్ణి. ఇప్పుడంటే కోర్టు కాగితం కావాలి, ఆరోగ్యశాఖ కాగితం కావాలి. అవన్నీ ఉన్నాయే అనుకో. నలభై ఏడు రోజులు. చూడగలవా తల్లీ నువ్వు?"

చూడలేనంది.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ లేదు, పారా లేదు. ఎక్కడికెళ్లిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒతిలియ స్మశానానికి పరుగెత్తింది. జంఫీర సమాధి మీది జెరేనియం మొక్కల్ని వేళ్లతో సహా తీసి, వాడిపోకుండా నీళ్ల బకెట్లో పెట్టింది. పారతో జానెడు లోతు తవ్వేసింది కూడా. అరవై నాలుగేళ్ల మనిషి. నల్లబట్టల నిండా మట్టి.

"అమ్మా, ఏం పనమ్మా ఇది! లే."

"నేనే పెట్టా, నేనే తీస్తా. నువ్వు ఇంటికి పో, నీకెందుకు."

"పిచ్చా నీకు?"

"నా మొగుడే కదే. నన్ను చూస్తే ఏమనుకుంటాడు? పిల్లకి కావాలిట అని చెప్తే ఇచ్చేస్తాడు. ఏనాడైనా నిన్ను కాదన్నాడా?" పార మళ్లీ దింపింది. "అయినా నలభై రోజులు దాటిపోయాయి. చౌకీలన్నీ దాటేసే ఉంటాడు. ఇంక ఆయనకి ఆ కాగితంతో ఏం పని చెప్పు?"

ఒతిలియ అమ్మ చేతిలోంచి పార లాక్కుంది. లాక్కుని, నిజం దాచడమెందుకు, తనే ఒక్క పోటు వేసింది. మట్టి మెత్తగా ఉంది, ఇంకా సర్దుకోని మట్టి. మూడేళ్లకోసారి పెట్టే కోర్సు. బళ్లో వెనక బల్ల మీద కూర్చునే పిల్లలు నలుగురు. రెండో పోటుకి పార ఎత్తింది. చేతులు దిగలేదు.

"దాటేశాడని నీకెవరు చెప్పారమ్మా?" అంది. "ఆ ఆయాసంతో నాన్న మన గుమ్మం మూడు మెట్లు ఎక్కడానికే రెండుసార్లు ఆగేవాడు. అంత పైకి నలభై రోజుల్లో ఎక్కడ ఎక్కుతాడు? ఇంకా దార్లోనే ఉండుంటాడు. దార్లో మనిషి చేతిలోంచి ఎలా లాక్కుంటాం?"

జంఫీర మట్టిలోనే కూలబడి ఏడ్చింది. ఇద్దరూ కలిసి మట్టి పూడ్చారు, మొక్కలు మళ్లీ నాటారు, బకెట్లో మిగిలిన నీళ్లు పోశారు.

శుక్రవారం తెల్లారుతూనే మొదటి బస్సు. "ఇదైనా పట్టుకెళ్లు, మనుషులే కదా, కనికరిస్తారేమో," అని జంఫీర ఆ జిరాక్సుని చేతిరుమాల్లో చుట్టి కూతురి సంచీలో పెట్టింది. ఒతిలియ విప్పి చూడలేదు. చూడాలని తోచలేదు కూడా.

ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లేసరికి పదకొండున్నర దాటింది. వరండాలో బెంచీ మీద ఒక చిన్నపిల్ల, ఇరవై రెండు ఉంటాయేమో, నీలం అట్ట గుండెకి హత్తుకుని తల్లి పక్కన కూర్చుంది. తొమ్మిదో పేరు ఆ పిల్లదే అని చూడగానే తెలిసిపోయింది. పన్నెండు ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తోంది, చూసినందుకు సిగ్గుపడుతోంది.

కిటికీ వెనక సెక్రటరీ బుర్లాకు మేడమ్ విసురుకుంటున్న కాగితం కింద పెట్టింది. "ఒరిజినల్?"

"లేదండీ. జిరాక్సు ఉంది."

"జిరాక్సు మా దగ్గరా ఉందమ్మా. ఒరిజినల్ ఎవరి దగ్గరుంది?"

"మా నాన్న దగ్గర."

"అయితే ఫోన్ చేసి పట్టుకురమ్మనండి. ఇంకా ఇరవై నిమిషాలుంది."

"రాలేరండీ."

"ఊళ్లో లేరా?"

"ఊళ్లోనే ఉన్నారండీ," అంది ఒతిలియ. తర్వాత మొత్తం చెప్పింది. బుర్లాకు మేడమ్ సిలువ వేసుకుంది. కుర్చీలోంచి లేచి లోపలి గదికి వెళ్లింది, అయిదు నిమిషాలు వాదించినట్టుంది, గొంతు వరండాదాకా వినిపించింది. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు మొహం ఎర్రగా ఉంది.

"రూలు రూలేనట తల్లీ. నా చేతుల్లో ఉంటే ఈ క్షణమే ఇచ్చేద్దును. ఏదీ, ఆ జిరాక్సు ఇలా ఇవ్వండి, గడువులోపల మీరొచ్చారని కనీసం ఫైల్లో పెడతా." రుమాలు విప్పి కాగితం తిరగేసింది. "అయ్యో, దీని మీద ఎవరో పిల్లలు గీసినట్టున్నారే?"

ఒతిలియ కాగితం అందుకుని చూసింది.

కట్టెల లెక్క కాదది. మొదటి వరసలో ఏవో విరిగిన పుల్లల్లాంటి గీతలు. రెండో వరసలో ఒక సున్నా, పక్కన బోర్లా పడ్డ అక్షరం. కిందికొచ్చేకొద్దీ పుల్లలు ఒకదానిపక్క ఒకటి నిలబడ్డాయి. ఒకచోట సగం పేరు కుడినుంచి ఎడమకి నడిచింది. ఒకచోట రెండు అక్షరాలు మాయమయ్యాయి, తర్వాతి వరసలో తిరిగొచ్చాయి. పట్టా మీద ఆమె పేరు అచ్చయి ఉంటుంది కదా, కాగితం తిప్పి చూసుకోవడం, మళ్లీ తిప్పి రాసుకోవడం. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కాడంటే అవతలవైపు విశ్వవిద్యాలయం ముద్ర మీద గుంటలు పడ్డాయి. ఒతిలియ వేలితో లెక్కపెట్టింది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. నలభై మూడు వరసలు. చివరిది నలభై మూడోది. ఒతిలియ. ఏ అక్షరమూ తిరగబడలేదు, ఏదీ బోర్లా పడలేదు.

చెప్పినట్టు జంఫీర జిరాక్సే పెట్టి ఉంటే సీటు దక్కేది, ఈ కాగితం మట్టిలో కలిసిపోయేది. దేవుడి లెక్కలు ఎవరికి అర్థమవుతాయి! ఒకటి ఇవ్వాలంటే ఒకటి లాక్కోవాలా ఆయన?

"పిల్లలు కాదండీ, మా నాన్న," అంది ఒతిలియ. "ఇది ఫైల్లో పెట్టకండి. నాకు కావాలి."

పన్నెండు కొట్టింది. బుర్లాకు మేడమ్ నాలుగో పేరు మీద స్కేలు పెట్టి గీత గీసింది, తొమ్మిదో పేరు పిలిచింది. బెంచీ మీది తల్లి కూతుర్ని పట్టుకుని భోరుమంది. ఒతిలియ పక్కకి జరిగి దారిచ్చింది. "బాగా చదువుకో అమ్మా," అంది. మనసారా అంది, మనసు చితికిపోయి ఉన్నా సరే.

తర్వాత తన ఫైలు తిరిగి అడిగి తీసుకుంది. వరండా చివర కిటికీ దగ్గర నిలబడి అందులోంచి తను రాసిన పేజీ బయటికి తీసింది. "మా నాన్న ఎనిమిది పాఠాలకే మానేశారు." ప్రొఫెసరు పైకి చదివిన వాక్యం, సీటు తెచ్చిపెట్టిన వాక్యం. పచ్చి అబద్ధం. ఆ పేజీ ఇక ఎవరూ చదవరు. అయినా ఒతిలియ సంచీలోంచి ఎర్రసిరా పెన్ను తీసింది, పిల్లల తప్పులు దిద్దే పెన్ను. ఆ వాక్యం కొట్టేసి పైన రాసింది: "మా నాన్న మానెయ్యలేదు. నేను మానేశాను."

ఫోను మోగింది. ఊళ్లో జంఫీర పన్నెండు దాకా ఎలా ఆగిందో ఏమో.

"ఏమైందే? ఒప్పుకున్నారా?"

"లేదమ్మా. పోయింది."

అవతల ఏడుపు. "నా చేతులు పడిపోనూ. నేనే చెడగొట్టానే నీ బతుకు. ఆ పాడు లెక్కలు గీసిన కాగితమే పెట్టుంటే..."

"అమ్మా, అలా అనకు. అమ్మా విను." ఒతిలియ కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుంది. "అవి కట్టెల లెక్కలు కావమ్మా."

"మరేంటే అవి? ఏం రాసుకున్నాడు?"

ఒతిలియ చెప్పబోయింది. ఉన్నవి నాలుగే అక్షరాలు, పుట్టినప్పట్నుంచీ తనవే. ఎంత ప్రయత్నించినా తన పేరు తన నోటికి రాలేదు.